బూట్ సమయంలో కెర్నెల్ మాడ్యూళ్లకు పారామీటర్లు ఇవ్వడం: లినక్స్ ఏర్పాటుపై సమీక్ష

లినక్స్‌లో ఒక డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) తీరు మార్చాలంటే దాని సోర్సు కోడ్ ముట్టుకోనక్కరలేదు, వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేయనక్కరలేదు. యంత్రం బూట్ అయ్యే వేళ పారామీటర్ అనే ఒక చిన్న మాట దాని చెవిన వేస్తే చాలు. ఆ మాట వేసే ఏర్పాటునే ఇక్కడ సమీక్షిస్తున్నాను. ల్యాప్‌టాప్‌లలోనూ సర్వర్లలోనూ చాలా ఏళ్లుగా దీనిని వాడుతున్నాను కనుక నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది ఎంతో ఆలోచించి కట్టిన సదుపాయం, బూట్ కాని యంత్రాన్ని మళ్లీ లేపి నిలబెట్టగల సదుపాయం. అయితే మనం చెప్పిన మాట చేరిందో లేదో తనంతట తాను చాలాసార్లు చెప్పదు. మనమే వెళ్లి చూసుకోవాలి. ఈ ఒక్క లోపం తెలియక మనుషులు పోగొట్టుకునే సమయం చాలా ఎక్కువ.

రాసే పద్ధతి చాలా సులువు. కెర్నెల్ కమాండ్ లైన్‌లో, అంటే బూట్ వేళ కెర్నెల్‌కు అందే వరుసలో, మాడ్యూల్ (డ్రైవర్ వంటి కెర్నెల్ భాగం) పేరు, చుక్క, పారామీటర్ పేరు, సమానం గుర్తు, విలువ, ఇవన్నీ మధ్యలో ఖాళీ లేకుండా వరుసగా రాయాలి. యూఎస్‌బీ పరికరాలు పని లేనప్పుడు వాటంతట అవి నిద్రలోకి జారకుండా ఆపాలనుకుంటే యూఎస్‌బీకోర్.ఆటోసస్పెండ్=-1 అని రాస్తాం; ఏమీ రాయకపోతే కెర్నెల్ పెట్టుకునే గడువు 2 సెకన్లు. పేర్లలో అడ్డగీత రాసినా అండర్‌స్కోర్ రాసినా కెర్నెల్ రెండింటినీ ఒకటిగానే తీసుకుంటుంది. ఎక్కడో చూసి రాసుకున్న పేరులో ఆ గుర్తు ఏదో గుర్తులేనప్పుడు ఈ ఉదారత ఎంత మేలు చేస్తుందో అనుభవించినవారికి తెలుస్తుంది. విలువలో ఖాళీ తప్పనిసరి అయితే డబుల్ కోట్స్ మధ్య పెట్టవచ్చు. ఎక్స్86 యంత్రాల మీద ఈ లైను మొత్తానికి 2048 అక్షరాల పరిమితి ఉంది. మామూలు వాడకంలో అది ఎన్నడూ అడ్డు రాలేదు.

పైకి ఒక్కటిగా కనిపించే ఈ రాతను నిజానికి ఇద్దరు చదువుతారు, ఈ సదుపాయం గొప్పదనమంతా అక్కడే ఉంది. డ్రైవర్ కెర్నెల్‌లోనే కలిసిపోయి ఉంటే, అంటే బిల్ట్-ఇన్‌గా ఉంటే, కెర్నెల్ తానే బూట్ తొలి క్షణాల్లో ఆ పారామీటర్‌ను చదివి అమలు చేస్తుంది. డ్రైవర్ విడిగా లోడ్ అయ్యే మాడ్యూల్ అయితే ఆ క్షణానికి అది మెమరీలోనే ఉండదు. తరువాత మాడ్యూళ్లను లోడ్ చేసే మాడ్‌ప్రోబ్ అనే కమాండ్ దానిని లోడ్ చేయబోతూ, కమాండ్ లైన్‌ను చూపే /ప్రాక్/సీఎండీలైన్ ఫైలు తెరిచి, ఆ మాడ్యూల్ పేరుతో మొదలైన వాటిని ఏరుకుని, మాడ్యూల్‌తో పాటు కెర్నెల్‌కు అందిస్తుంది. ఒక లినక్స్ పంపిణీలో (డిస్ట్రిబ్యూషన్‌లో) బిల్ట్-ఇన్‌గా వచ్చే డ్రైవర్ మరొక పంపిణీలో విడి మాడ్యూల్‌గా రావచ్చు. అయినా మనం రాసే లైను మారదు. మాడ్యూల్‌ను చేత్తో ఇన్స్‌మాడ్ కమాండ్ ద్వారా లోడ్ చేస్తే మాత్రం ఈ ఏరుకునే పని ఎవరూ చేయరు, కమాండ్ లైన్‌లో రాసినది వృథా అవుతుంది.

ఈ సౌలభ్యం మొదటి నుంచీ లేదు. 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్ వెలువడేదాకా డ్రైవర్ రాసేవారు విడి మాడ్యూల్‌కు ఒక రకంగా, బిల్ట్-ఇన్ డ్రైవర్‌కు ఇంకొక రకంగా పారామీటర్లను ప్రకటించుకోవలసి వచ్చేది. రెండూ రాసే ఓపిక లేనివారు ఒకటి రాసి ఊరుకునేవారు. కెర్నెల్ డెవలపర్ రస్టీ రసెల్ ఆ రోజుల్లో మాడ్యూళ్ల యంత్రాంగాన్ని తిరగరాసినప్పుడు మాడ్యూల్_పారమ్ అనే ఒకే ప్రకటన రెండింటికీ సరిపోయేలా కుదిర్చారు. డ్రైవర్ రచయిత పేరు, రకం, అనుమతులు ఒక్క వరుసలో రాస్తే చాలు. కమాండ్ లైన్‌లో గుర్తింపు, విలువ తనిఖీ, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (/సిస్ కింద కెర్నెల్ చూపే ఫైళ్లలో) ఫైలు, అన్నీ దానికదే సమకూరుతాయి. నా దృష్టిలో కెర్నెల్‌లోని అతి చక్కని చిన్న కట్టడాల్లో ఇది ఒకటి.

ఇక లోపం దగ్గరికి వస్తాను. ఒక ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కాసేపు పని లేకుండా ఉంటే మాయమయ్యేది. ఫైల్ సిస్టమ్ చదవడానికి తప్ప రాయడానికి వీలు లేకుండా పోయేది. ఏం జరిగిందో లాగ్‌లో రాసుకోవడానికి కూడా డిస్కు ఉండేది కాదు. కరెంటు ఆదా కోసం డిస్కు లోతైన నిద్రలోకి వెళ్లి తిరిగి లేవలేకపోవడం ఇలాంటి లక్షణాలకు తెలిసిన కారణాల్లో ఒకటి. ఏపీఎస్‌టీ అనే ఆ ఏర్పాటును ఆపాలంటే డీఫాల్ట్_పీఎస్_మ్యాక్స్_లేటెన్సీ_యూఎస్ అనే పారామీటర్‌కు 0 ఇవ్వాలి. ఎన్‌వీఎంఈ డిస్కు కదా అని నేను దాని ముందు ఎన్‌వీఎంఈ అని మాడ్యూల్ పేరు రాసి, చుక్క పెట్టి, రీబూట్ చేశాను. యంత్రం ఏ అభ్యంతరమూ చెప్పకుండా బూట్ అయింది. సాయంత్రానికి డిస్కు మళ్లీ మాయమైంది. మందు వేసినా జబ్బు తగ్గలేదు కనుక జబ్బు వేరే అని నిర్ణయించుకుని, నాలుగు రోజులు డిస్కునే అనుమానించి, దానిని మార్పించుకునే ప్రయత్నంలో పడ్డాను. అసలు సంగతి ఏమిటంటే ఆ పారామీటర్ ఎన్‌వీఎంఈ మాడ్యూల్‌లో లేదు, ఎన్‌వీఎంఈ_కోర్ అనే దాని పక్క మాడ్యూల్‌లో ఉంది. పేరు సరిదిద్దిన నాటి నుంచి ఆ డిస్కు ఒక్కసారి కూడా మాయం కాలేదు. మందు మనిషికి చేరకముందే మందు పనిచేయదని తీర్పు చెప్పినట్టయింది.

ఆ తరువాత తెలుసుకున్నదేమిటంటే, తప్పు ఏ చోట జరిగిందనే దానిని బట్టి ఈ మౌనంలో మూడు అంతరాలు ఉన్నాయి. మాడ్యూల్ పేరు సరిగానే ఉండి పారామీటర్ పేరు తప్పైతే, ఆ మాడ్యూల్ లోడ్ అయ్యేటప్పుడు కెర్నెల్ తన లాగ్‌లో తెలియని పారామీటర్‌ను విస్మరించానని ఒక్క వరుస రాస్తుంది. నా విషయంలోనూ రాసింది. ఎన్‌వీఎంఈ అనే మాడ్యూల్ ఉంది కాబట్టి, కెర్నెల్ లాగ్‌ను చూపే డీమెసేజ్‌లో వందల వరుసల మధ్య ఆ వరుస అప్పటి నుంచీ ఉంది, నేను చూడలేదు. అదే డ్రైవర్ బిల్ట్-ఇన్‌గా ఉన్న కెర్నెల్ అయితే ఆ ఒక్క వరుస కూడా ఉండదు. మాడ్యూల్ పేరే తప్పైతే అసలు ఎక్కడా ఏమీ ఉండదు. ఆ పేరు గల మాడ్యూల్ ఎప్పటికీ లోడ్ కాదు, కాబట్టి దాని తరఫున ఫిర్యాదు చేసేవారే ఉండరు.

దీని వెనుక కారణం లేకపోలేదు. కమాండ్ లైన్ చదివే వేళకు ఏ మాడ్యూళ్లు తరువాత రాబోతున్నాయో కెర్నెల్‌కు తెలియదు; తనకు తెలియని పేరులో చుక్క కనిపిస్తే అది రాబోయే మాడ్యూల్‌కు చెందినదై ఉండవచ్చునని పక్కన పెడుతుంది. చుక్క లేని తెలియని మాటల విషయంలో పద్ధతి వేరు: సమానం గుర్తు ఉన్నవి కెర్నెల్ మొదట నడిపే ఇనిట్ ప్రక్రియకు ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లుగా, లేనివి ఆర్గ్యుమెంట్లుగా వెళతాయి, ఇటీవలి కెర్నెళ్లు వాటి జాబితాను లాగ్‌లో కూడా చూపిస్తాయి. చుక్క ఉన్నవి ఆ జాబితాలోకి రావు. కారణం అర్థమైంది కానీ నా అసంతృప్తి తగ్గలేదు. బూట్ పూర్తయ్యాక ఎవరూ ఏరుకోని చుక్క మాటలు ఇవీ అని ఒక్కసారి చూపించే చిన్న పనిముట్టును ప్రతి పంపిణీ తన వంతుగా చేర్చవచ్చు; కావలసిన సమాచారమంతా /ప్రాక్ లోనూ /సిస్ లోనూ అప్పటికే ఉంది.

తెలియని పారామీటర్‌ను విస్మరించి ముందుకు పోవడం మంచిదేనా అని అడిగేవారికి చరిత్రలో జవాబు ఉంది. 2013లో వచ్చిన 3.11 కెర్నెల్‌కు ముందు, విడి మాడ్యూల్‌కు తెలియని పారామీటర్ ఇస్తే ఆ మాడ్యూల్ లోడ్ కావడమే మానేసేది. అంటే డ్రైవర్ రచయిత పాత పారామీటర్ ఒకటి తీసేస్తే, దానిని ఎప్పుడో రాసి మరిచిపోయిన వాడకందారుడి యంత్రంలో కొత్త కెర్నెల్‌తో నెట్‌వర్కో డిస్కో లేకుండా పోయేది. ఇప్పటి పద్ధతి దానికన్నా నయం. అయితే పేరు సరైనదై విలువ చెల్లనిదైతే మాడ్యూల్ లోడ్ కావడం ఈనాటికీ ఆగిపోతుంది. పూర్ణాంకం కావలసిన చోట అక్షరాలు రాస్తే, ఆ విలువ ఆ పారామీటర్‌కు చెల్లదని లాగ్‌లో చెప్పి కెర్నెల్ మాడ్యూల్‌ను తిప్పి పంపుతుంది. డిస్కు డ్రైవర్‌కు పారామీటర్ రాసేటప్పుడు ఈ సంగతి మనసులో ఉండాలి.

విలువల గురించి రెండు మాటలు. అవును, కాదు అనే రకానికి వై, ఎన్ అక్షరాలు గానీ 1, 0 గానీ సరిపోతాయి. అసలు విలువే రాయకుండా పేరు మాత్రం రాస్తే అవును అని అర్థం. సంఖ్యల విషయంలో ఒక మెలిక ఉంది: ముందు సున్నా పెడితే కెర్నెల్ దానిని ఆక్టల్‌గా, అంటే 8 ఆధారంగా గల సంఖ్యగా, చదువుతుంది, 010 అని రాస్తే 8 అవుతుంది. అందంగా ఉంటుందని అంకెల ముందు సున్నాలు పేర్చే అలవాటు ఉన్నవారు ఇక్కడ దానిని మానుకోవాలి.

ఈ ఏర్పాటులో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది, ఒక్క బూట్ కోసం మాత్రమే పారామీటర్ ఇవ్వగలగడం. కెర్నెల్‌ను లోడ్ చేసే బూట్ లోడర్ అయిన గ్రబ్ మెనూలో కెర్నెల్ మీద నిలబడి ఇంగ్లిష్ ‘e’ అక్షరం నొక్కితే ఆ ఎంట్రీ తెరుచుకుంటుంది. లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర మనకు కావలసినది చేర్చి కంట్రోల్-ఎక్స్ గానీ ఎఫ్10 గానీ నొక్కితే ఆ మార్పుతో బూట్ అవుతుంది. డిస్కు మీద ఏదీ మారదు. తప్పు రాసి యంత్రం బూట్ కాకపోయినా, పవర్ ఆపి మళ్లీ పెడితే పాత స్థితి అలాగే ఉంటుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ వల్ల తెర నల్లబడి, లాగిన్ అయ్యే దారే లేనప్పుడు, నోవో.మోడ్‌సెట్=0 అని ఆ వరుస చివర రాసి లోపలికి వెళ్లడం ఎన్నో యంత్రాలను కాపాడింది. ప్రయోగం చేయడానికి ఇంత నిర్భయమైన చోటు ఆపరేటింగ్ సిస్టమ్‌లో మరొకటి లేదు. ఏ పారామీటర్‌నైనా ముందు ఇక్కడ ప్రయత్నించి, ఫలితం చూసిన తరువాతే శాశ్వతం చేయాలన్నది నేను తప్పకుండా పాటించే నియమం.

శాశ్వతం చేయడానికి దారులు రెండు. మొదటిది బూట్ లోడర్ దారి. గ్రబ్ వాడే డెబియన్, ఉబుంటు యంత్రాల్లో /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైలులో కమాండ్ లైన్ వరుసను దిద్ది అప్‌డేట్-గ్రబ్ నడపాలి. ఫెడోరా కుటుంబంలో ఫైలు తెరవకుండానే గ్రబీ అనే కమాండ్‌తో అన్ని కెర్నెళ్లకూ ఒకేసారి చేర్చవచ్చు. సిస్టమ్‌డీ-బూట్‌లో అయితే ఎంట్రీ ఫైలులోని ఆప్షన్స్ వరుసలో రాస్తారు. గ్రబ్ ఫైలులో ఉన్న రెండు వరుసల్లో డీఫాల్ట్ అని ముగిసేది మామూలు ఎంట్రీలకు మాత్రమే వర్తిస్తుంది, రెండవది రికవరీ ఎంట్రీలకు కూడా వర్తిస్తుంది. డిస్కు కనబడడానికే అవసరమైన పారామీటర్ అయితే రెండవదానిలో పెట్టడమే సరైన పని, లేకపోతే ఆపదలో పనికి రావలసిన రికవరీయే అక్కరకు రాదు.

రెండవ దారి /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ డైరెక్టరీలో .కాన్ఫ్ అని ముగిసే ఫైలు పెట్టడం. ఆప్షన్స్ అనే మాట, ఖాళీ, మాడ్యూల్ పేరు, ఖాళీ, పారామీటర్లు. ఇక్కడ చుక్క ఉండదు. దీనిలో నాకు నచ్చినది, వరుస పైన వ్యాఖ్య రాసుకునే వీలు ఉండడం. ఏ పరికరం కోసం, ఏ లక్షణం చూసి, ఏ తేదీన ఈ వరుస చేర్చామో రాసి పెట్టుకుంటే రెండేళ్ల తరువాత ఆ ఫైలు చూసేవారికి అది ఉంచాలో తీయాలో తెలుస్తుంది. కెర్నెల్ కమాండ్ లైన్‌లో అలా రాసుకునే చోటు లేదు. అది క్రమంగా ఎవరికీ అర్థం కాని మాటల మూటగా మారిపోతుంది.

అయితే రెండవ దారికి రెండు హద్దులున్నాయి, రెండింటి వద్దా మళ్లీ ఆ మౌనమే ఎదురవుతుంది. బిల్ట్-ఇన్ డ్రైవర్లను మాడ్‌ప్రోబ్ లోడ్ చేయదు కాబట్టి వాటి మీద ఈ ఫైళ్ల ప్రభావం ఏమీ ఉండదు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ నుంచి లోడ్ అయ్యే మాడ్యూళ్ల విషయం ఇంకా చిక్కైనది. డిస్కు, గ్రాఫిక్స్ డ్రైవర్లు చాలా యంత్రాల్లో అసలు రూట్ ఫైల్ సిస్టమ్ కనబడకముందే, ఆ చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్ లోంచే లోడ్ అవుతాయి. అప్పటికి మనం రాసిన ఫైలు వాటికి కనిపించదు. దానిని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లోకి ఎక్కించాలంటే డెబియన్ కుటుంబంలో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, ఫెడోరాలో డ్రాకట్, ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ మళ్లీ నడపాలి. ఫైలు సరిగ్గా రాసి, రీబూట్ చేసి, ఏమీ మారలేదని నిరాశపడేవారిలో చాలామంది ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే. డిస్కు, గ్రాఫిక్స్ విషయాల్లో నేను కెర్నెల్ కమాండ్ లైన్‌నే ఎంచుకుంటాను. ధ్వని, వైర్‌లెస్ వంటి ఆలస్యంగా వచ్చే డ్రైవర్లకు ఫైలు దారి మేలు.

ఒక మాడ్యూల్ అసలు లోడే కాకుండా ఆపడానికి కూడా కమాండ్ లైన్ పనికొస్తుంది. ఇక్కడ ఒకేలా కనిపించే రెండు మాటలు ఉన్నాయి: మాడ్‌ప్రోబ్.బ్లాక్‌లిస్ట్ అన్నది మాడ్‌ప్రోబ్ పాటించేది, పరికరాన్ని చూసి దానంతట అది లోడ్ కావడాన్ని మాత్రమే ఆపుతుంది, పేరు పెట్టి పిలిస్తే మాడ్యూల్ వచ్చేస్తుంది. మాడ్యూల్_బ్లాక్‌లిస్ట్ అన్నది కెర్నెలే పాటించేది, ఎవరు పిలిచినా రానివ్వదు.

మాట చేరిందో లేదో చూసుకునే విషయానికి వస్తే, అడగడం తెలిసినవారికి జవాబులు పుష్కలంగా ఉన్నాయి. బూట్ లోడర్ ఏం అందించిందో /ప్రాక్/సీఎండీలైన్ చెబుతుంది. మాడ్‌ప్రోబ్ తన ఫైళ్ల నుంచీ కమాండ్ లైన్ నుంచీ ఏం అర్థం చేసుకుందో షోకాన్ఫిగ్ అనే ఆప్షన్‌తో చూడవచ్చు. డ్రైవర్ లోపల ఇప్పుడున్న విలువ /సిస్/మాడ్యూల్ కింద ఆ మాడ్యూల్ పేరుగల డైరెక్టరీలో, పారామీటర్స్ అనే దానిలో ఒక్కొక్క ఫైలుగా ఉంటుంది. నా ఎస్‌ఎస్‌డీ కథలో ఆ ఫైలును ఒక్కసారి చదివి ఉంటే డీఫాల్ట్ విలువ 100000 అలాగే ఉండడం కనిపించేది, నాలుగు రోజులు మిగిలేవి. అయితే ప్రతి పారామీటర్‌కూ అక్కడ ఫైలు ఉండాలన్న నియమం లేదు. డ్రైవర్ రచయిత అనుమతిని సున్నాగా రాస్తే ఫైలే పుట్టదు, అప్పుడు డ్రైవర్ ప్రవర్తనను బట్టి ఊహించుకోవలసిందే. ఏ సాంకేతిక అవసరమూ లేకుండా ఫైలును దాచే డ్రైవర్లు కొన్ని ఉన్నాయి, ఆ అలవాటు పోవాలని నా గట్టి కోరిక.

రాయడానికి అనుమతి ఉన్న ఫైళ్లు చూసి, రీబూట్ అవసరం లేదని సంతోషపడడమూ తొందరపాటే. పైన చెప్పిన ఎన్‌వీఎంఈ పారామీటర్ వివరణలోనే అది కొత్తగా వచ్చే పరికరాలకు వర్తిస్తుందని రాసి ఉంది. బూట్ అయ్యాక ఆ ఫైలులో 0 రాస్తే ఫైలులో 0 కనిపిస్తుంది, అప్పటికే పని మొదలుపెట్టిన డిస్కు మాత్రం పాత పద్ధతిలోనే సాగిపోతుంది. బూట్ సమయంలో ఇవ్వడానికి ఉన్న విలువ ఇదే: డ్రైవర్ పరికరాన్ని తాకకముందే మాట చేరుతుంది.

పత్రాల విషయంలో పాక్షికంగానే తృప్తి. మాడ్‌ఇన్ఫో కమాండ్‌కు పీ ఆప్షన్ ఇస్తే మాడ్యూల్ ఒప్పుకునే పారామీటర్లన్నీ, వాటి రకంతో సహా, కోడ్ లోంచే బయటికి వస్తాయి. అవి ఎన్నడూ పాతబడవు. వివరణ మాత్రం ఒక్క వరుసే, ఆ వరుస కూడా డ్రైవర్ రచయిత దయ. పనిచేసే విలువల పరిధి, దుష్ఫలితాలు తెలుసుకోవాలంటే కొన్నిసార్లు సోర్సు కోడ్ తెరవక తప్పదు.

ఇతర వ్యవస్థలతో పోల్చి చూశాను. ఫ్రీబీఎస్‌డీలో లోడరే కెర్నెల్‌తో పాటు మాడ్యూళ్లను కూడా మెమరీలోకి తెస్తుంది, లోడర్.కాన్ఫ్ ఫైలులో రాసిన విలువలు కెర్నెల్ ఎన్విరాన్‌మెంట్‌లో చేరి, మాడ్యూల్ వచ్చినప్పుడు తనకు కావలసినది అందులోంచి తీసుకుంటుంది. ఫైలు చదవడానికి శుభ్రంగా ఉంటుంది, వ్యాఖ్యలు రాసుకోవచ్చు, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ చిక్కు లేదు. పేరు తప్పు రాస్తే అక్కడా ఎవరూ చెప్పరు. సొలారిస్‌లో /ఈటీసీ/సిస్టమ్ ఫైలులో సెట్ అనే మాట తరువాత మాడ్యూల్ పేరు, కోలన్, వేరియబుల్ పేరు రాస్తారు. ఆ వేరియబుల్ ఆ మాడ్యూల్‌లో లేకపోతే లేదని హెచ్చరిక వస్తుంది. నేను లినక్స్‌లో కోరుకునేది సరిగ్గా ఆ హెచ్చరికే. కానీ అక్కడ పారామీటర్ అనే ప్రత్యేక ప్రకటన అవసరం లేదు, కెర్నెల్ లోపలి వేరియబుల్‌ను నేరుగా దిద్దేస్తారు. విలువ సబబుగా ఉందో లేదో ఎవరూ తనిఖీ చేయరు. బయటివారు మార్చవచ్చునని రచయిత స్వయంగా ప్రకటించినదే పారామీటర్ అన్న లినక్స్ పద్ధతి నాకు ఎక్కువ భద్రంగా తోస్తుంది.

తనంతట తాను గొంతెత్తే సందర్భం లినక్స్‌లోనూ ఒకటి ఉంది. డ్రైవర్ రచయిత ఏదైనా పారామీటర్‌ను ప్రమాదకరమైనదిగా గుర్తు పెట్టి ఉంటే, ఐ915 గ్రాఫిక్స్ డ్రైవర్‌లో అలాంటివి చాలా ఉన్నాయి, దానిని మార్చిన వెంటనే కెర్నెల్ లాగ్‌లో హెచ్చరిక రాసి, తనను తాను టెయింట్ అయినట్టు (మచ్చ పడినట్టు) గుర్తు వేసుకుంటుంది. ఆ యంత్రం నుంచి తరువాత వచ్చే ప్రతి క్రాష్ నివేదికలోనూ ఆ గుర్తు కనిపిస్తుంది. చేరిన మాట విషయంలో ఇంత జాగ్రత్తగా ఉన్న కెర్నెల్, చేరని మాట విషయంలోనూ ఒక్క వరుస రాసే రోజు వస్తే ఈ సమీక్షలో సగం చెరిపేస్తాను.